తేదీ వేసిన చీటీలు

మా మనవరాలికి గిటారు పిచ్చి పట్టించింది ఇంగ్లాండులోని నలుగురు కుర్రాళ్లు. ఏదో చిన్న ఊళ్లో, తాగేవాళ్లు తప్ప వినేవాళ్లు లేని బార్లలో మొదలుపెట్టి, నాలుగేళ్లు తిరిగేసరికి మైదానాలు నింపారట. నేను ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఏ సంగతి విన్నా తేదీ వేసి రాసుకోకపోతే నాకు తోచదు. అందుకని ఆ బ్యాండు ఎదుగుదల కూడా నా నోటుబుక్కులోకి ఎక్కింది. పాత వ్యాను ఎప్పుడు కొన్నారు, మొదటి పాట ఎప్పుడు వచ్చింది, అన్నీ. రేడియోకు జనం మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాసి అడగబట్టే ఆ పాట పైకొచ్చిందని మనవరాలు చెప్పింది. ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

మదనపల్లెలో మనవరాలు, ఇంకో ముగ్గురు స్నేహితులు కలిసి ఒక బ్యాండు పెట్టారు. ఆ ఇంగ్లాండు బాణీలోనే తెలుగు పాటలు కట్టుకున్నారు. వాయించే చోటు దొరక్క పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరారు. అక్కడొక పద్ధతి. మొదట దేవుడి పాట, ఆ తర్వాత కూర్చున్నవాళ్లు చీటీ మీద ఏ పాట రాసి పంపితే అది. ఆర్కెస్ట్రా యజమాని ముందే చెప్పేశాడు.

"నీ పాట నువ్వే అడిగితే కాదమ్మా. జనం అడగల్ల. పుంగనూరులో అయిదు చీటీలు రానీ, పాడు. కుప్పంలో అరగంట నీకే ఇస్తా."

నాకు ఒళ్లు మండింది. వినిపించని పాటను జనం ఎలా అడుగుతారు? ఇదేం లెక్క?

పుంగనూరు రిసెప్షన్‌లో మూడో వరసలో కూర్చుని అయిదు చీటీలు రాశాను. రెండింటిని ఎడమ చేత్తో రాశాను. మంచినీళ్లు అందించే ఆమె చేత వేరువేరు వరసల నుంచి పంపించాను. మనవరాలు పాడింది. ఒకాయన తలెత్తి చూసి మళ్లీ ఫోన్లో పడ్డాడు. మిగతావాళ్లు అదీ చేయలేదు.

తిరుగు బస్సులో ఆమె ముఖం వెలిగిపోతోంది.

"తెలియనోళ్లు అయిదు మంది అడిగినారవ్వా. మా పాట నెట్లో పెట్టినాం గదా, ఫోన్లో విని ఉంటారు. ఆ ఇంగ్లాండోళ్లకు గూడా ఇట్లే మొదలయింది."

నేను కిటికీ వైపు తిరిగాను.

కుప్పంలో పెళ్లి పొద్దున. వేదిక వెనక మనవరాలు గిటారు సంచిలోంచి అయిదు చీటీలూ తీసి నా ముందు పరిచింది. భద్రంగా దాచుకుందట. ప్రతిదాని మీదా కుడి మూలన తేదీ ఉంది.

"పాట అడిగే చీటీకి తేదీ ఎవురన్నా వేస్తారా అవ్వా?"

నేను చీటీలను ఒకదాని మీద ఒకటి పేర్చాను.

"నిన్ను ఎవురు రాయమనిరి? ఆ ఇంగ్లాండోళ్ల కోసం ఉత్తరాలు రాసింది వాళ్లవ్వలు కాదు."

"వాళ్లను చీటీలు తెమ్మని ఎవురూ అడగలేదు గదా" అన్నాను.

"నీ బళ్లో చూసి రాసే పిల్లోళ్లను ఏం చేస్తాంటివి?"

గది బయట నిలబెట్టేదాన్ని. లేచి వెళ్లి మండపం గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఆమె తిన్నగా యజమాని దగ్గరకు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆయన నన్ను చూసి నవ్వాడు.

"మీ అవ్వ గట్టిదే. అయితే అరగంటా లేదు, ఏమీ లేదు. సినిమా పాటలు పాడుకో."

దేవుడి పాట అయింది. చీటీ ఒక్కటీ రాకముందే మనవరాలు తన పాట ఎత్తుకుంది. యజమాని సౌండు కట్టేశాడు. ఆమె ఆపలేదు, ఆ ముగ్గురూ ఆపలేదు. డ్రమ్ములు కొట్టే అమ్మాయి పుల్లలు పక్కన పెట్టి, గొంతు వినపడేలా వేళ్లతో వాయించింది. నిండిన మండపంలో ఒక్కరూ లేచి సౌండు పెట్టమని అడగలేదు. నేను నోరు తెరిచాను. మనవరాలు పాడుతూనే నా వైపు చూసింది. ఆ చూపుకు నోరు మూసుకున్నాను. నాలుగు నిమిషాలు. నా ఉద్యోగంలో ఎవరి ముందూ అంతసేపు నోరు మూసుకుని నిలబడలేదు.

నోటుబుక్కులో ఆ ఇంగ్లాండు బ్యాండు పేజీ పక్కనే రాశాను: కుప్పం, సొంత పాట ఒకటి, చీటీలు సున్నా. ఆ యజమాని మీద, తింటూ కూర్చున్న ఆ జనం మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. తేదీ వేసిన నా చేతి మీద అంతకంటే ఎక్కువ.

తిరుగు బస్సులో ఆమె నా పక్కన కూర్చోలేదు. వెనక సీట్లో ఆ ముగ్గురితో కలిసి అదే పాట మొదటి నుంచి పాడుతూ వచ్చింది. పుంగనూరు దాటినా ఆపలేదు. పాడమని ఎవరూ అడగలేదు.