బొట్టు పెట్టిన రాయి

డెబ్బైల చివర్లో, మాకు కొత్తగా పెళ్లయిన రోజులవి. మా ఆయన హిందూపురంలో పాత లారీ కొన్నారు. నాకు తోలడం నేర్పాక ఇద్దరం మార్చి మార్చి నడపాలని మా ఆశ. అంతవరకు క్లీనరును నేనే. ఎత్తులో బండి ఆగితే వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టాలి, కదిలేటప్పుడు తీసేయాలి. లారీకి పూజ చేసిన రోజు ఆ రాయికీ బొట్టు పెట్టాను.

ధర్మవరానికి మొదటి సరుకు తీసుకెళ్తూ, ఇంజను చల్లారడానికి పెనుకొండ దగ్గర ఎత్తులో ఆగాం. బయల్దేరేటప్పుడు రాయి తీయడం మరిచిపోయాను.

సాయంత్రం తిరిగొస్తుంటే అక్కడే జనం మూగి ఉన్నారు. రాయి తగిలి సైకిలు మీంచి పడ్డ ఒక ముసలాయన తల నెత్తురోడుతోంది.

"యా లారీవోళ్లో రాయి ఇడిసిపెట్టి పోయినారప్పా" అన్నారొకరు.

మా ఆయన, బొట్టు కిందికి పోయేలా రాయిని కాలితో దొర్లించారు. ముసలాయన్ని లారీలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారంతా ఆయన తల నా ఒళ్లోనే.

"నీ కడుపు సల్లగుండ తల్లీ" అన్నాడు.

నేను కొంగుతో ఆయన గాయాన్ని అదిమిపట్టాను.

ఆయన బతికాడో లేదో వెళ్లి అడగలేకపోయాం. తర్వాత పదేళ్లు కలిసి లారీ నడిపినా ఆ రాయి మాట ఇద్దరం ఎత్తలేదు. నాకు కాన్పు నొప్పులు వచ్చిన రెండుసార్లూ మాత్రం, బిడ్డ ఏడుపు వినబడేదాకా ఆ దీవెనే చెవుల్లో మోగింది.