జీనుకి ఇంకా టైముంది

మా నాన్నగారికి గుర్రాలంటే పిచ్చి. పి.గన్నవరం దగ్గర మా కొబ్బరితోటలో రెండు గేదెలతో పాటు ఒక తెల్ల ఆడగుర్రం కూడా ఉండేది. మావైపు గుర్రమంటే పెళ్లి ఊరేగింపులకే. నాన్నగారు మాత్రం దాన్ని సరదా కొద్దీ కొన్నారు. తెల్లారగానే దానిమీద కాలవగట్టు వెంబడి, కాలవ నదిని దాటే అక్విడెక్టు వంతెన దాకా వెళ్లొచ్చి, అప్పుడు కాఫీ తాగేవారు.

అది మా ఇంటికి వచ్చేటప్పటికే దాని వెన్ను కాస్త కిందికి దిగి ఉండేది. అంతకుముందు పెళ్లిళ్లకి తిప్పినవాళ్లు రెండేళ్లు నిండకుండానే దానికి జీను వేసేరని తరవాత తెలిసింది. కొన్నాళ్లకి ముందుకాళ్ల మోకాళ్లు వాచేయి. నాన్నగారు ఎక్కడం మానేసేరు. ఆ తరవాత దానికి ఒక మగపిల్ల పుట్టింది.

అమ్మ పోయినప్పటినించీ నేను నాన్నగారి దగ్గరే ఉంటూ పక్క ఊరి స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. పొద్దున్నే తల్లిగుర్రం లేవలేకపోయేది. ఉప్పు వేయించి మూటకట్టి దాని మోకాళ్లకి కాపడం పెట్టేదాన్ని. వేడి తగలగానే కళ్లు మూసుకునేది. పక్కనే పిల్ల గెంతుతూ ఉండేది. దీని కాళ్లు ఇలా కానివ్వకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

రెండేళ్లు దాటేసరికి పిల్ల తల్లంత ఎత్తు అయిపోయింది. చూసినవాళ్లెవరూ దాని వయసు నమ్మేవారు కాదు.

"దసరాకి జీను వేద్దాం అమ్మాయ్," అన్నారు నాన్నగారు.

"ఇంకా చిన్నదండీ."

"నా మోకాళ్లు కూడా చూడాలిగా. అవి ఇంక ఎన్నాళ్లు పనిచేస్తాయో."

నేను అమలాపురం నించి పశువుల డాక్టరు గారిని పిలిపించేను. ఆయన పిల్లగుర్రం ముందుకాలు పట్టుకుని, నా చెయ్యి తీసుకుని మోకాలి పైన పెట్టేరు.

"ఈ ఉబ్బు తెలుస్తోందా అండీ? ఎముక ఇంకా ముదరలేదు. వెనకభాగం చూడండి, భుజంకంటే ఎత్తుగా ఉంది. ఇంకా పెరుగుతోందన్నమాట."

"మోకాళ్లు ముదిరితే ఎక్కొచ్చాండీ?"

"అన్నిటికంటే ఆఖర్న ముదిరేది వెన్నండీ. నాలుగేళ్లు దాటనివ్వండి. అప్పుడైనా తేలికపాటి మనిషే ఎక్కాలి, అదీ కాసేపే."

నాన్నగారు భారీ మనిషి. డాక్టరు గారి మాట విని, వెళ్లి వలిచిన కొబ్బరి డొక్కల గుట్ట సర్దడం మొదలెట్టేరు.

మర్నాటి నించి నేను పని మొదలుపెట్టేను. ఎక్కకూడదంటే ఊరికే కట్టేసి ఉంచమని కాదు. స్కూలు నించి రాగానే పగ్గం పట్టుకుని తోటల మధ్య పుంతదారిలో నడిపించేదాన్ని. ఆగమంటే ఆగడం, వెనక్కంటే వెనక్కి అడుగెయ్యడం నేర్పేను. కొబ్బరికాయల లారీ ఎదురొస్తే మొదట్లో బెదిరిపోయి నన్ను పక్కనున్న బోదె కాలవలోకి లాగేసింది. చీరంతా బురద. అయినా రోజూ ఆ దారినే తీసుకెళ్లేదాన్ని. కొన్నాళ్లకి లారీ హారన్ కొడుతుంటే చెవి మాత్రం అటు తిప్పి నడిచేది.

ఇంతలో మా బాబాయిగారు కొడుకు పెళ్లి కుదిర్చేరు. తోటకొచ్చి పిల్లగుర్రం చుట్టూ తిరిగి చూసేరు.

"దీనికేం తక్కువమ్మా? గంటసేపు ఊరేగింపేగా. ఊళ్లో మనింటి గుర్రం ఉండగా బయటనించి తెప్పిస్తే ఏం బావుంటుంది?"

"గంటసేపైనా బరువు బరువే కదండీ బాబాయిగారూ. పైగా పెళ్లికొడుకు ముందు తోడపెళ్లికొడుకుని కూడా కూచోబెడతారు. దానికింకా మూడేళ్లు లేవండీ."

"మీ నాన్ననడుగుతాలే."

"ఆయ్, అడగండి. నాన్నగారు ఊఁ అన్నా నేను విప్పనండీ."

నాన్నగారు అరుగుమీదే కూచుని అంతా విన్నారు. "అమ్మాయి కాదంటే కాదురా," అన్నారు. బాబాయిగారు మజ్జిగైనా తాగకుండా వెళ్లిపోయేరు. పెళ్లికి కారులో ఊరేగింపు జరిగింది. భోజనాల దగ్గర పిన్నిగారు నాతో మాట్లాడలేదు. నా తరఫున మాట్లాడిన నాన్నగారు కూడా ఇంటికొచ్చేక చాలా రోజులు ముభావంగానే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం స్కూలు తొందరగా వదిలేసేరు. నేను వచ్చేసరికి అటకమీద పెట్టేసిన తల్లిగుర్రం జీను పిల్లగుర్రం వీపు మీద ఉంది. తోలుకి కొబ్బరినూనె రాసి మెరిపించేరు. నాన్నగారు ఒక చేత్తో జూలు పట్టుకుని, ఒక కాలు రికాబులో పెట్టి ఉన్నారు.

"నాన్నగారూ, వద్దండీ."

"ఒక్క నిమిషం. ఎక్కి దిగిపోతాను."

"ఇవాళ ఒక్క నిమిషం. రేపు గట్టుదాకా అంటారు. వద్దండీ."

ఆయన కాలు కిందికి దించలేదు. నేను ఎదురుగా వెళ్లి కళ్లెం పట్టుకున్నాను. అవతల నీడలో తల్లిగుర్రం ఒక కాలు నేలకి ఆనీ ఆనకుండా పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన దానికేసి చాలాసేపు చూసేరు. తరవాత కాలు తీసేసి, పొట్టకింద పటకా ఆయనే విప్పేరు. నేను జీను మోసుకెళ్లి మళ్లీ అటకమీద పెట్టేసేను.

ఆ ఏడాది చలికాలంలో తల్లిగుర్రం పోయింది. తోట చివర గొయ్యి తీయించి పాతించేం. నాన్నగారు కర్ర పట్టుకుని నడవడం కూడా అప్పుడే మొదలైంది.

పిల్లకి నాలుగేళ్లు దాటేక డాక్టరు గారు మళ్లీ వచ్చి చూసేరు. మోకాళ్ల పైన ఉబ్బు పోయింది. భుజం, వెనకభాగం ఒక ఎత్తుకి వచ్చేయి. "ఇంక మొదలెట్టుకోండి. మెల్లిగా," అన్నారు.

మెల్లిగానే మొదలుపెట్టేను. ముందు గొంగళి వేసి తిప్పేను. తరవాత ఉత్త జీను. అది అలవాటయ్యేక ఒక ఆదివారం పొద్దున్న నది ఒడ్డున ఇసకలోకి తీసుకెళ్లేం. పడినా దెబ్బ తగలదని. నాన్నగారు కర్ర పక్కన పడేసి పగ్గం పట్టుకున్నారు.

"నువ్వెక్కు. నేను పట్టుకుంటాను."

ముందు వీపు మీద బోర్లా పడుకున్నాను. అది కదల్లేదు. దిగి మెడ నిమిరేను. మళ్లీ పడుకుని, ఈసారి నెమ్మదిగా కాలు అవతలికి వేసి కూచున్నాను. దాని ఒళ్లు ఒక్కసారి బిగుసుకుంది. నేనూ ఊపిరి బిగబట్టేను.

"ఊపిరి బిగబట్టకు అమ్మాయ్. అదీ బిగబడుతుంది," అన్నారు నాన్నగారు.

ఊపిరి వదిలేను. అదీ గట్టిగా చీది అడుగు వేసింది. నాన్నగారు కుంటుతూ ముందు నడుస్తుంటే ఇసకలో ఒక చుట్టు తిరిగేం. అంతే, దిగిపోయేను.

ఇప్పుడు దానికి ఏడో ఏడు. సెలవురోజుల్లో దానిమీద కాలవగట్టు వెంబడి వెళ్తాను. కాళ్లు ఇనపకడ్డీల్లా ఉన్నాయి, వెన్ను తిన్నగా ఉంది. నాన్నగారు దాన్ని ఒక్కసారి కూడా ఎక్కలేదు, ఇంక ఎక్కలేరు. ఆ మాట ఆయనా ఎత్తరు, నేనూ ఎత్తను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ కళ్లెం పట్టుకుంటాను.

మొన్న ఆలమూరు నించి ఎవరో, డాక్టరు గారు మా నంబరిస్తే, ఫోన్ చేసేరు. రెండేళ్ల పిల్లగుర్రాన్ని కొన్నారట, జీను ఎప్పుడు వెయ్యమంటారని అడిగేరు. నేను వంటింట్లో ఉన్నాను. నాన్నగారే ఫోన్ ఎత్తి మోకాలి పైన ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలో, ఎలా నొక్కాలో ఓపిగ్గా చెప్పుకొచ్చేరు.

"ఉబ్బు ఉందా? ఆయ్, అయితే ఆగండి. నడిపించుకోండి చాలు," అన్నారు.