మూతులు మూసుకున్న ఏడు

గద్వాలలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో చీటీలు రాసేదాన్ని. వచ్చినవాళ్ళ పేరు, ఊరు, వయసు అడిగి రాసి డాక్టరమ్మ గదికి పంపడం నా పని. నాకు చెవులు సరిగా వినపడవన్న సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరని లోపల పొగరు కూడా ఉండేది. కర్ణాటక సరిహద్దులోని గట్టు ఊరి నుంచి వచ్చేవాళ్ళు కన్నడం కలిపి మాట్లాడినా తప్పు పోయేది కాదు.

రెండువేల తొమ్మిదిలో స్వైన్ ఫ్లూ భయం మా దాకా వచ్చింది. డాక్టరమ్మ మాకు మాస్కులు పంచింది. వచ్చేవాళ్ళు కండువాలు, కొంగులు మూతికి చుట్టుకున్నారు. నాకిక కళ్ళు తప్ప ఏమీ కనపడవు. రెండు రోజులు పాత చీటీ తెమ్మని, అది చూసి ఎక్కించి నెట్టుకొచ్చాను. కొత్తవాళ్ళు వస్తే పెన్ను రాయట్లేదని చెప్పి చీటీల పుస్తకం నర్సు చేతికిచ్చేదాన్ని. ఎన్ని పెన్నులని పాడవుతాయి?

మూడో రోజు పనిచేసేవాళ్ళందరికీ ఒక కాగితం ఇచ్చారు. జ్వరముందా, దగ్గుందా, ఇంట్లో ఎవరికైనా ఉందా. అన్నిటికంటే కింద 'ఇతర లోపాలు' అని ఒక గడి. పెన్ను అక్కడ ఆగింది. రాస్తే పని పోతుంది. అంతకుముందు వనపర్తిలో ఒక బడిలో అట్లాగే పోయింది. రాయకుండా ఉంటే, ఒకరి చీటీ మీద ఇంకొకరి పేరు రాశానంటే? ఆ రోజు అన్నం సయించలేదు.

గడి ఖాళీగా వదిలేసి, కాగితం పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి పోయాను. "మేడం, నాకు చెవులు ఇనపడయ్," అన్నాను. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో, బయటున్న నర్సు తొంగి చూసింది.

డాక్టరమ్మ ఏదో అంది. మాస్కు కదిలిందంతే. నేను అట్లాగే నిలబడ్డాను. అప్పుడామెకు అర్థమైంది. లేచి కిటికీ దాకా వెనక్కి పోయి మాస్కు దించింది.

"జ్వరముందా?"

"లేదు మేడం."

"దగ్గు?"

"లేదు."

"ఇగ నేనడగాల్సింది అయిపోయింది. చెవుడు అంటుకునే రోగమా ఏంది? ఆ కింది గడి నేను పెట్టమనలే, ఏడనో చూసి దించిన్రు. కొట్టెయ్యి. ఇంతకు నీకేం కావాల్నో చెప్పు, గట్లనే చేద్దాం."

నాకేం కావాలని అప్పటిదాకా ఏ పనిలోనూ ఎవరూ అడగలేదు. ఏడుపు ఆగలేదు. మాస్కు తడిసిపోతే ఇంకోటి అడిగి తీసుకున్నాను.

మరునాడు నా బల్ల వరండాలోకి మారింది. బల్లకు రెండు బారల దూరంలో సుద్దతో గీత గీశాం. అక్కడ నిలబడి, మూతి మీది గుడ్డ దించి వివరం చెప్పి, మళ్ళీ కప్పుకోవాలి.

మొట్టమొదట మానవపాడు బస్సు దిగిన ఒక అవ్వ, మూతికి కొంగు చుట్టుకుని, గీత దాటి నేరుగా బల్ల మీదికే వచ్చింది.

"అవ్వా, నాకు ఇనపడదు. జర ఎనకకు పోయి, కొంగు తీసి చెప్పు," అన్నాను, వరండా అంతా వినేటట్టు.

అవ్వ నాలుగడుగులు వెనక్కి వేసి, కొంగు దించి నవ్వింది.

"నీకు ఇనపడదు, నాకు గీత కనపడదు. మంచిగనే కుదిరినం బిడ్డా. రాస్కో," అని తన పేరు చెప్పింది.