ఆ బిడ్డ నాది కాదన్న తల్లి

1977లో నేను మస్కట్‌లోని ఒక ఆస్పత్రిలో లేబర్ రూమ్ నర్సుని. కృష్ణా జిల్లాలో ఒక మిషన్ ఆస్పత్రిలో మిడ్‌వైఫరీ, అంటే పురుళ్ళు పోసే చదువు, పూర్తిచేసి, అక్కడే ఆరేళ్ళు పనిచేసి ఒమాన్ వచ్చాను. అప్పటికి వచ్చి రెండేళ్ళు. మా వార్డుకి ఒమానీ తల్లులతో పాటు బలూచీలు, పాకిస్తానీలు, మలయాళీలు, అప్పుడప్పుడు ఇంగ్లీషువాళ్ళు వచ్చేవారు. ఎవరితో ఏ భాషలో మాట్లాడాలో మొహం చూసి నిర్ణయించేసుకునేవాళ్ళం. ఆ అలవాటు ఎంత చెడ్డదో నాకు ఈ కేసులో తెలిసింది.

ఒక రోజు ఉదయం పదింటికి సూయిన్ అనే చైనా అమ్మాయి నొప్పులతో వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. తొలి కాన్పు. భర్త పేరు చెన్. రేవు దగ్గర మత్రా పేటలో ఒక హోటల్ కిచెన్‌లో కుక్. కాపురం ఊళ్ళోనే హమ్రియాలో ఒక రూమ్‌లో. కౌంటర్ దగ్గర వివరాలన్నీ అతనే ఇంగ్లీషులో చెప్పాడు. కేస్ షీట్ మీద ‘చైనీస్’ అని మాత్రం రాసి ఉంది. ఆమెకి చైనా భాష తప్ప ఏదీ రాదని అందరం అనుకున్నాం. ఊపిరి తీసుకో, పక్కకి తిరుగు, అన్నీ సైగలతోనే చెప్పాను. ఆమె ఒక్క కేక వేయలేదు. తువాలు కొస పళ్ళ మధ్య పెట్టుకుని నొప్పి అంతా దాంట్లోకే దింపింది. “ఎంత ఓర్పో!” అని మెచ్చుకున్నాను కూడా.

మధ్యాహ్నానికి సెకండ్ స్టేజ్, అంటే బిడ్డ కిందికి దిగివచ్చే దశ, గంట దాటిపోయింది. బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించింది. మా డాక్టరమ్మ లక్నో మనిషి. ఫోర్సెప్స్ వేయాలంది. బిడ్డ తలను రెండు వైపులా పట్టి బయటికి తీసే ఇనుప పనిముట్టు అది. ఎందుకు వేస్తున్నామో సూయిన్‌కి ఎవరమూ చెప్పలేదు. వ్యవధి లేదు, చెప్పినా అర్థం కాదనుకున్నాం. ఆ ఇనుము చూసి ఆమె లేవబోయింది. నేను ఆమె రెండు చేతులూ మంచానికి అదిమి పట్టుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. ఒళ్ళంతా నీలం, ఏడుపు లేదు, కాళ్ళూ చేతులూ వేలాడుతున్నాయి. పిల్లల డాక్టరు చేతుల్లోకి తీసుకుని పక్కగదికి పరుగెత్తాడు. వెంట ఆయా ఖైరున్‌బీ వెళ్ళింది. పేరు రాసిన పట్టీ బిడ్డ చేతికి కట్టే తీరిక కూడా లేకపోయింది. డాక్టరమ్మ కుట్లు వేస్తూ, తల ఎత్తకుండానే హిందీలో అడిగింది. “బచ్చా గయా?”

బిడ్డ పక్కగదికి వెళ్ళిందా అని ఆమె ప్రశ్న. “జీ, గయా” అన్నాను.

పక్కగదిలో బిడ్డ కాసేపటికే ఏడ్చిందట. తలుపులు మూసి ఉండటంతో మా దాకా వినపడలేదు. ముప్పావు గంట తర్వాత పిల్లని గులాబీ రంగులో, వెచ్చగా గుడ్డలో చుట్టి, చేతికి పట్టీ కట్టి తీసుకొచ్చారు. నేను నవ్వుతూ తల్లి పక్కన పెట్టబోయాను. సూయిన్ ఆ పిల్ల వంక ఒకసారి చూసి గోడవైపు తిరిగింది.

అలసిపోయిందనుకున్నాను. సాయంత్రం మళ్ళీ తీసుకెళ్ళాను, మళ్ళీ గోడవైపే. మర్నాడూ అంతే. పాలు పొంగి రొమ్ములు రాయిలా గట్టిపడి జ్వరం వచ్చింది. అయినా పిల్లని తాకదు. ఐసు నీళ్ళు ఇస్తే పక్కకి నెట్టింది. స్నానం వద్దంది. ఏసీ గాలి తగలకుండా దుప్పటి ముసుగు వేసుకుంది. ఇది చైనావాళ్ళ ఆచారమా, ఆడపిల్ల అని బాధా, లేక మతి తప్పుతోందా? వార్డులో ఒక్కొక్కరం ఒక్కొక్క మాట. తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం. మరి ఏమైనట్టు? నేను చదివిన పుస్తకాల్లో దీనికి పేరు లేదు.

విజిటింగ్ టైమ్‌లో చెన్ నారింజలు పట్టుకొచ్చాడు. పిల్లని ఎత్తుకుని మురిసిపోయాడు. సూయిన్ అతనితో తమ భాషలో మెల్లగా ఏదో అంది. అతని మొహం పాలిపోయింది.

“ఏమంటోంది?” అని అడిగాను.

“ఏం లేదు సిస్టర్. టైర్డ్. వెరీ టైర్డ్” అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా.

మూడో రోజు ఖైరున్‌బీ నన్ను పక్కకి పిలిచింది. ఆమె కడప మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. “సిస్టరమ్మా, ఆ యమ్మ చల్లనీళ్ళు ముట్టదు, తలకు గుడ్డ కట్టుకుంటాది. మన బాలింతలూ అంతే కదా. యేన్నీళ్ళు ఇచ్చి చూడు” అంది.

నాకు సిగ్గేసింది. నా కాన్పప్పుడు మా అమ్మ నెల రోజులు చేసిందీ అదే. ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, మా రూమ్‌లో ఉన్న శొంఠి కాస్త దంచి వేసి తీసుకెళ్ళాను. సూయిన్ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కొంచెం కొంచెంగా తాగింది. తాగి, నన్ను చూసి, తేటైన హిందీలో అడిగింది.

“సిస్టర్, నా బిడ్డని ఎక్కడ పూడ్చారు?”

హిందీ ఎలా వచ్చని అడిగితే చెప్పింది. సూయిన్ పుట్టి పెరిగింది కలకత్తాలో. హిందీ, బెంగాలీ చిన్నప్పటి నుంచీ మాట్లాడుతోంది. లేబర్ రూమ్‌లో మేం అన్న ప్రతి మాటా ఆమెకి అర్థమైంది. ‘గయా’ అన్నానుగా. మన తెలుగులో ‘బిడ్డ పోయింది’ అంటే ఎలాగో, ఆమెకి అలాగే వినిపించింది. బిడ్డ చచ్చిపోయిందని నేనే నోటితో చెప్పాను. తర్వాత ఎవరి పిల్లనో తెచ్చి ఒళ్ళో పెడుతున్నామని ఆమె నమ్మింది. చెన్‌తో మెల్లగా అన్నదీ అదే.

“మరి హిందీలో ఎందుకు మాట్లాడలేదమ్మా?”

“మీరెవరూ నాతో మాట్లాడలేదు సిస్టర్. నా మీదుగా మీలో మీరు మాట్లాడుకున్నారు. లేచి చూద్దామంటే నువ్వు నా చేతులు పట్టేశావు.”

పిల్లని తెచ్చి, చెవి దగ్గర ఫోర్సెప్స్ ఒత్తిన ఎర్రటి గీత చూపించాను. నమ్మలేదు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఆ గీత ఎలా పడిందో చూపిస్తే నమ్ముతుందని ఫోర్సెప్స్ తెచ్చి చూపించాను. ఆమె ఒళ్ళు కొయ్యబారిపోయింది. తాగిన నీళ్ళు వాంతి చేసుకుంది. రుజువు చూపిస్తే మనిషి ఇలా ఎందుకైపోయిందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇనుము చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఖైరున్‌బీ వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకుని గుడ్డలో చుట్టింది. “నువ్వు పో సిస్టరమ్మా, నేను చెప్తా” అంది. మంచం పక్కన నేల మీద కూర్చుని, తన కడప యాస హిందీలో మొదలుపెట్టింది. నేను వెళ్ళలేదు, తలుపు దగ్గరే ఉండిపోయాను.

“నీ కడుపులోంచి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నానమ్మా. డాక్టరు ఎత్తుకుపోతుంటే దాని కాలు పట్టుకుని నేనూ పరుగెత్తినా. వదల్లేదు.”

“ఏ గుడ్డలో చుట్టారు?” అని అడిగింది సూయిన్.

“పచ్చది. ఒక మూల చిరుగు ఉంది.”

“ఎంతసేపు ఏడవలేదు?”

“నేను అల్లాని తలుచుకుని కల్మా రెండుసార్లు చదివినాను, అంతసేపు. నోట్లో గొట్టం పెట్టి నీరు తీసినారు. ముందు దగ్గింది, తర్వాత ఏడ్చింది. ఆ గదిలో ఇంకో బిడ్డ లేదు తల్లీ. ఇదొక్కటే.”

“మళ్ళీ చెప్పు.”

ఖైరున్‌బీ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మూడోసారి కూడా చెప్పింది, విసుక్కోకుండా, ఒక్క మాట మార్చకుండా. మూడోసారి అయ్యాక సూయిన్ ఒక వేలు చాపి పిల్ల పాదాన్ని తాకింది. అప్పుడు ఏడ్చింది. కాన్పు రోజున దిగమింగుకున్న కేకలన్నీ అప్పుడు బయటికొచ్చాయి. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, “నా తప్పు, క్షమించమ్మా” అన్నాను.

సూయిన్ పిల్లకి పాలిచ్చింది. వారానికి ఇంటికి వెళ్ళింది. ఆరు వారాలకి చెకప్‌కి వచ్చినప్పుడు పిల్ల బొద్దుగా, చెవి దగ్గర గీత మాయమై, చక్కగా ఉంది. సూయిన్ మాత్రం లేబర్ రూమ్ ఉన్న వరండాలోకి అడుగు పెట్టలేకపోయింది. చెమటలు పట్టి గోడ పట్టుకుంది. పిల్లని వేరే గదిలో చూశాం.

“ఇప్పుడు నమ్ముతున్నావా అమ్మా?” అని అడిగాను.

“నమ్ముతున్నా సిస్టర్. కానీ రోజూ పొద్దున లేవగానే మొదటినుంచీ మళ్ళీ నమ్మాల్సి వస్తోంది.”

తర్వాత వాళ్ళు కలకత్తా వెళ్ళిపోయారని చెన్‌తో పనిచేసేవాళ్ళు చెప్పారు. ఆమెకి ఆ బాధ ఎప్పటికైనా తగ్గిందో లేదో నాకు తెలియదు. ఆమెను అంతలా దెబ్బతీసింది నా మాటా, ఆ ఇనుమా, చేతులు అదిమి పట్టడమా, ఏదో ఒక్కటని ఇప్పటికీ తేల్చుకోలేను. ఒళ్ళు క్షేమంగా ఉన్నా కాన్పులో మనసు విరిగిపోవచ్చని డాక్టర్లు మాట్లాడుకోవడం నేను రిటైర్ అయ్యే ముందు విన్నాను.

ఆ తర్వాత నేను డ్యూటీలో ఉన్న ప్రతి కాన్పులో ఒక మనిషిని తల్లి తల దగ్గర నిలబెట్టాను. ఆ మనిషికి వేరే పని ఉండేది కాదు. ఇప్పుడు ఏం చేస్తున్నామో, బిడ్డ ఎక్కడుందో, ఎవరి చేతుల్లో ఉందో తల్లికి చెబుతూ ఉండటమే. భాష తెలిసినా తెలియకపోయినా సరే. “ఆమెకి అర్థం కాదు కదా సిస్టర్, ఎందుకూ?” అని కొత్త నర్సులు అడిగేవారు.

“అర్థం కాదని మీకెవరు చెప్పారు?” అనేదాన్ని.