పొగ పట్టిన పూట

ఆ రోజు బెజవాడ అవుటర్ సిగ్నల్ దగ్గర రైలు నాలుగు గంటలు కదల్లేదు. నా ఒళ్ళో పెట్టెలో అగ్నిపర్వతం పొగను పట్టిన వడపోత కాగితాలున్నాయి. ఆ పొగలోని రేడియోధార్మిక బిస్మత్ ఐదు రోజులకోసారి సగమైపోతుంది. మిగిలినదాన్ని కొలిస్తేనే, లోపలి శిలాద్రవం నుంచి వాయువు ఎప్పుడు విడిపోయిందో తెలిసేది. నేను రైలును తిడుతుంటే, పక్కన కూర్చున్న చేపలావిడ సంగతేమిటని అడిగింది. విసుగ్గానే చెప్పాను.

"మా చేపా అంతేనండీ, పట్టిన కాడ నుంచీ పాడవుతానే ఉంటది. అందుకే ఏ పూట పట్టిందో బుట్టకి చీటీ కడతాం," అంటూ తన చీటీ చూపించింది. "మీరూ రాశారా అండీ?"

పెట్టె తెరిచాను. ప్రతి కవరు మీదా కొండ పేరు, నా పేరు గుండ్రంగా రాసి ఉన్నాయి. తేదీ ఒక్కదాని మీదా లేదు.

ఆవిడే పెట్టె మూత మూసింది. రైలు అప్పుడు కదిలింది.