మోకాలి వాంగ్మూలం

ఇది ఒక మహేతిహాసం. ఇందులో సింహాసనం ఉంది, వారసుడున్నాడు, ఆయుధం పట్టిన ప్రత్యర్థి ఉంది. నిజం చెప్పాలంటే సింహాసనం బొగ్గుబాయిలో మా బాపు ఉద్యోగం, వారసుణ్ణి నేను, ఆయుధం డాక్టరమ్మ చేతిలోని రబ్బరు సుత్తి. కాబట్టి ఇతిహాసం మాట మరిచిపోండి.

బాపు కుడికాలి వేళ్లు కొన్నాళ్లుగా తిమ్మిరెక్కుతున్నాయి. వేరే ఊళ్లలోనైతే ఇంటిల్లిపాదీ దిగులుపడతారు. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ కాక మిఠాయి ఏదని అడుగుతూ వచ్చాడు. తండ్రి బాయి పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే కొడుక్కి ఉద్యోగం వస్తుంది మరి. డిగ్రీ చదివి ఖాళీగా కూర్చున్న కొడుకున్న ఇంట్లో తిమ్మిరి కూడా శుభవార్తే.

"మోకాలి మీద సుత్తితోని కొడ్తరన్నా. కాలు లేవకుంటె నువ్వు అన్‌ఫిట్టు, పోరడు ఫిట్టు," అన్నాడు కాక.

నా డిగ్రీ జంతుశాస్త్రం. ఇంట్లో దానికి తొలిసారి గిరాకీ తగిలింది. గోడ మీద బొగ్గుతో నాడీకణం బొమ్మ గీశాను. కొమ్మల్లాంటి డెండ్రైట్లు వార్త అందుకుంటాయి. నడుమ కణదేహం. అక్కడినుంచి ఆక్సాన్ అనే పొడవాటి తీగ ఆ వార్తను ముందుకు పంపుతుంది. కరెంటు కేబుల్ తొడుగులా దానికి మైలిన్ పూత. నడుము దగ్గర మొదలై కాలివేళ్ల దాకా పోయే తీగలూ ఉన్నాయి.

"గోడకు సున్నం ఎవరేస్తరు, నీ ఆక్సానా?" అంది అమ్మ.

మోకాలి సంగతే అసలు చిక్కు. సుత్తి దెబ్బ వార్త వెన్నుపాము దాకా వెళ్లి, అక్కడే జవాబు తీసుకుని తిరిగొస్తుంది. మెదడుకు తెలిసేది తర్వాతే.

"అంటే మేనేజర్‌ను అడగకుండ సర్దారే పని చేపిచ్చినట్టు," అన్నాడు బాపు. సర్దారంటే బాయి లోపల కూలీల పక్కనే నిలబడి పని చేయించే మేస్త్రీ.

"గంతే బాపు. నువ్వు ఆపుదామనుకునేసరికి కాలు లేస్తది."

"గదంత పుస్తకాల ముచ్చట," అని కాక కొట్టిపారేశాడు. "అన్నా, పండ్లు బిగవట్టు. రెండు చేతులు గట్టిగ పెనేసి గుంజు. కాలెట్ల లేస్తదో చూద్దాం."

రిహార్సల్స్ మొదలయ్యాయి. అమ్మ పప్పుగుత్తితో కొట్టేది, కాలు లేచేది కాదు. అమ్మ కొట్టేది మోకాలి చిప్ప మీద, కొట్టాల్సింది దాని కింద. ఆ మాటంటే, "చదువుకున్నోనివి, నువ్వే కొట్టు మీ బాపును," అని గుత్తి నా చేతికిచ్చింది. శాస్త్రం అక్కడితో ఆగిపోయింది.

కేసు బోర్డుకు పంపాలో వద్దో తేల్చే డాక్టరమ్మ దవాఖానలో బాపును మంచం అంచున కూర్చోబెట్టింది. బాపు చేతులు పెనవేసి, పళ్లు బిగించి, సైనికుడిలా సిద్ధమయ్యాడు. ఆమె ముఖం వెలిగిపోయింది.

"అరే, మీకెవరు చెప్పారు? అట్ల చేతులు బిగబట్టి గుంజితేనే కాలు ఇంకా బాగా లేస్తది."

కాక సలహా శాస్త్రీయమైనదే. కాకపోతే అవతలి పక్షానికి.

సుత్తి తగిలింది. బాపు కాలు ఎదుటి స్టూలును గోడ దాకా తన్నింది. దాంతోపాటు నా ఉద్యోగమూ దొర్లుకుంటూ పోయింది.

"ఏం చేస్తం బిడ్డా, సర్దారు నా మాట ఇనలే," అన్నాడు బాపు నావైపు చూసి.

డాక్టరమ్మ బాపు కుడి పాదం మీద అడ్డంగా పడిన ఎర్రటి ఒత్తుడు గుర్తును వేలితో నొక్కింది. తర్వాత మంచం కింది బూట్లు తిరగేసి చూసింది.

బాపు పాదం సైజు తొమ్మిది. బూట్లు ఎనిమిది.