రెండు జీపుల మాట

సోమవారం పొద్దున ప్రొద్దుటూరులో మా బట్టల అంగడి తలుపులు తీస్తుంటే ఫోనొచ్చింది. జమ్మలమడుగులో మా ఇంగ్లీషు సారు పోయారని. పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. సిగ్గు విడిచి చెబుతున్నాను, విన్న వెంటనే, ఇక ఆయన ఎక్కడా ఎదురుపడరు కదా అని గుండె తేలికైంది. ఏడుపు తర్వాత వచ్చింది.

సారుది తాతల కాలంలోనే మిషన్‌లో కలిసిన కుటుంబం. ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతుతోనే డిగ్రీలో మాకు నాటకాలు చదివేవారు. హాజరు క్లాసు చివర్లో వేసేవారు. పల్లెల నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లను ఏమీ అనేవారు కాదు. "బస్సులు మీ నాయన్లవి కావు గదప్పా" అనేవారు.

వందల ఏళ్ల కిందటి పరదేశపు హాస్యనాటకం ఒకటి ఆయనకు ప్రాణం. అందులో ఒక పిసినారి తండ్రి, ప్రేమలో పడ్డ కొడుకు, ఆ కొడుకు పెళ్లి కోసం ఎత్తులు వేసి తన్నులు తినే పనివాడు. తండ్రికో గొంతు, పనివాడికో గొంతు పెట్టి చదివేవారు. ప్రేమికుడి మాటలు మాత్రం గొంతు మార్చకుండా గబగబా చదివేసేవారు. ఎందుకని అడిగితే, "వాని కాడ ఏముందని గొంతు పెట్టేది?" అన్నారు.

మాకు ఒళ్లు మండేది. ఆ వయసులో ప్రేమికుడంటే మేమే కదా. ఆ పాత్రను విశ్లేషించమంటే నేను ఆరు పేజీలు నింపాను. మనసు స్వచ్ఛమైనవాడు, తండ్రంటే గౌరవం ఉన్నవాడు, నాటకమంతటా ఒక్క అబద్ధం ఆడనివాడు అని. సారు కాగితాలు వెనక్కిస్తూ, "వాడు అబద్ధం ఆడలేదు, నిజమే. ఆడేవాన్ని పక్కన పెట్టుకున్న్యాడు. పనోని ఈపు మీద దెబ్బలు పడతాంటే వాడు యాడ నిలబడినాడో రాయలేదే నువ్వు?" అన్నారు. జనం ఎక్కువ నవ్వే చోట ఆగి చూడమనేవారు. "ఆడ ఎవుడో ఒగడు దెబ్బలు తింటాంటాడు" అనేవారు. నాకది చాదస్తంగా తోచింది.

ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవానికి ఆ నాటకాన్నే మన యాసలో తిరగరాసి, ప్రేమికుడి వేషం నాకిచ్చారు. ఎన్నికలు ముంచుకొస్తున్న రోజులవి. ఊళ్లు రెండుగా చీలి, టీ తాగాలన్నా ఆ అంగడి ఎవరి వైపుదో చూసుకుని తాగే కాలం. నాయకుడు కదిలితే ముందొక జీపు, వెనకొక జీపు. స్టేజీ మీద తండ్రి బజారుకు బయల్దేరుతుంటే, సారు రాతలో లేని మాట నా నోట్లోంచి వచ్చింది. "మా నాయన ఉప్పు కొనేదానికి పోవాలన్నా ముందొగ జీపు, ఎనకొగ జీపు." జనం విరగబడి నవ్వారు. నేను ఉబ్బిపోయాను. ముందు వరసలో నవ్వకుండా కూర్చున్నవాళ్లు నా కంట పడలేదు.

మర్నాడు అట్లా జీపుల మధ్య తిరిగే నాయకుడొకడి మనుషులు నలుగురు కాలేజీకి వచ్చారు. వేషాలు కట్టిన మమ్మల్నందరినీ స్టాఫ్ రూములో వరసగా నిలబెట్టారు. "ఆ జీపుల మాట రాసిందెవురప్పా?" అని ఒకాయన నెమ్మదిగానే అడిగాడు. సారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఒప్పుకునేవాణ్ణేమో అని చాలాకాలం నన్ను నేను బుజ్జగించుకున్నాను. "నాటకం నాది. మాటలన్నీ నావే" అన్నారాయన.

నాకు పెద్ద ప్రమాదం కూడా లేదు. మా మేనమామ ఆ నాయకుడి పార్టీలోనే తిరిగేవాడు. ఆయన పేరు చెబితే రెండు తిట్లు తిట్టి వదిలేసేవారు. అది తెలిసే నోరు మూసుకున్నాను. పనివాడికి దెబ్బలు పడుతుంటే ప్రేమికుడు ఎక్కడ నిలబడతాడో ఆ పొద్దు నాకు తెలిసింది. వరసలో మూడోవాడిగా, బీరువా పక్కన.

సారును నాయకుడి ఇంటికి తీసుకుపోయి, మధ్యాహ్నం దాకా వసారాలో నిలబెట్టి, క్షమాపణ చెప్పించుకున్నారు. ఆ వేసవిలోనే పులివెందుల అవతలికి బదిలీ చేయించారు. ఏళ్ల తరబడి బస్సుల్లో తిరిగారాయన. ఒకసారి బస్టాండులో ఎదురుపడితే, "అంగడి బాగా జరుగుతాందా?" అని నవ్వుతూ అడిగారు. నిజం చెప్పాలని నోరు తెరిచేలోగా బస్సొచ్చింది. రాకపోయినా చెప్పి ఉండేవాణ్ణి కాదు.

మంగళవారం సమాధుల దగ్గర, మట్టి వేయడం అయ్యాక, సారు భార్య నన్ను గుర్తుపట్టారు.

"ఆ ప్రేమికుని ఏసం కట్టిన పిల్లోడివి గదూ నువ్వు? శానా బాగా చేసినావని చెప్తాండె సారు." కొంచెం ఆగి, "నాటకమంతా బాగనే రాసినారు. ఆ జీపుల మాట ఒగటి ఎందుకు రాసినారో ఏమో. దానికోసరం ఆయనతో ఎన్నితూర్లు కొట్లాడినానో నాయనా" అన్నారు.

సారు ఇంట్లో కూడా చెప్పలేదు. ఆయన మోసింది ఒక్క బదిలీనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

"అమ్మా, అది సారు రాయలేదు. నేనే అన్న్యాను" అన్నాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నా వైపు కూడా చూడలేదు. చెప్పులు విప్పి, కొత్తగా పోసిన మట్టి దగ్గరికి నడిచి, వంగి రెండు అరచేతులూ దాని మీద ఆనించారు.

"నాకన్నా చెప్పకపోతిరే" అన్నారు ఆయనతో.

జనం ఒక్కొక్కరే గేటు వైపు వెళ్లిపోతున్నారు. ఆమె చేతులు తీయలేదు.